పాత ట్రాక్టరు స్టీరింగు - మరమ్మతులో మెళకువలు



రైతు సోదరులారా! తుంగభద్ర కాలువల కింద వరి పండించే సిరుగుప్ప, కంప్లి ప్రాంతాలలో గానీ, పత్తి, మిరప వేసే నల్లరేగడి పల్లెలలో గానీ, ఇటు ఆలూరు, ఆదోని, రాయదుర్గం వైపు గానీ ఏ ఊరికి వెళ్లినా వేపచెట్టు కిందో, దొడ్డిలోనో ఒక పాత ట్రాక్టరు కనిపిస్తుంది. దానికి రంగు పోయి ఉంటుంది, బానెట్టు సొట్టలు పడి ఉంటుంది. అయినా ఇంజను మాత్రం ఒక్క తిప్పుకే పలుకుతుంది. "మా నాయన కాలం నాటి బండి, ఇంజను చూడండి ఎట్లా ఉందో" అని ఆ ఇంటివారు గర్వంగా చెబుతారు. కానీ స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే, చక్రం పావు చుట్టు తిరిగిన తరువాత గానీ ముందు టైర్లు కదలవు. "అది మామూలేనండీ, మాకు అలవాటైపోయింది" అంటారు.

ఆ అలవాటు గురించే ఈ రోజు మాట్లాడుకుందాం. ఇంజను బాగా లేకపోతే బండి కదలదు, అంతటితో ఆగిపోతుంది. స్టీరింగు బాగా లేకపోయినా బండి కదులుతూనే ఉంటుంది. ప్రమాదం ఉన్నది అక్కడే. పొలంలో నడిచినంతసేపు ఆ వదులు వల్ల పెద్ద నష్టం ఉండదు. వెనుక ట్రాలీ తగిలించుకుని, ధాన్యమో పత్తి బోరాలో వేసుకుని, లారీలు తిరిగే రోడ్డు ఎక్కినప్పుడు అదే వదులు ప్రాణాల మీదకు వస్తుంది.

ముందుగా ఈ పాత బండ్లు మన ప్రాంతానికి ఎలా వచ్చాయో క్లుప్తంగా చెప్పుకుందాం. 1953లో తుంగభద్ర కాలువలకు నీరు వదిలారు. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి, మిగిలిన జిల్లా అప్పటి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు కాలువల కిందికి వచ్చి క్యాంపులు కట్టుకుని బీడు భూములను మాగాణి చేశాయి. ఎద్దులతో, మడకలతో అంత భూమి లొంగదు. కనుక ట్రాక్టర్ల అవసరం వచ్చింది.

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ మొదలైనది కూడా ఆ కాలంలోనే. 1959లో ఐషర్ వారి మొదటి ట్రాక్టరు ఫరీదాబాదులో తయారైంది. 1960లో మద్రాసు కేంద్రంగా టాఫే సంస్థ ఏర్పడి మాసీ ఫెర్గూసన్ బండ్లు తయారు చేసింది. 1963లో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారితో కలిసి పెట్టిన కంపెనీ నుంచి బి-275 వచ్చింది. 1971లో హెచ్.ఎం.టి. వారు పింజోరులో జెటార్ బండ్లు మొదలుపెట్టారు. 1974లో స్వరాజ్ 724 వచ్చింది. ఇవి కాక రష్యా, పోలండు, చెకొస్లొవేకియాల నుంచి దిగుమతి అయినవి కొన్ని ఉన్నాయి. ఈనాటికీ మన ఊళ్లలో నీళ్ల ట్యాంకరు లాగుతూ, విత్తనం వేస్తూ కనిపించే పాత బండ్లలో ఎక్కువ భాగం ఈ కుటుంబాలకు చెందినవే.

ఇక స్టీరింగు సంగతి. ఎద్దుల బండికి స్టీరింగు అవసరం లేదు. కాడి ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. నాలుగు చక్రాల వాహనానికి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు చక్రం చిన్న వలయంలో, బయటి వైపు చక్రం పెద్ద వలయంలో నడవాలి. అంటే లోపలి చక్రం ఎక్కువగా, బయటి చక్రం కొంచెం తక్కువగా మలగాలి. రెండూ ఒకే కోణంలో మలిగితే టైర్లు నేలను గీరుకుంటూ పోతాయి. ఈ చిక్కును జర్మనీలో మ్యూనిక్ నగరానికి చెందిన లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల తయారీదారు పరిష్కరించాడు. 1818లో లండనులో అకర్‌మన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. గుర్రబ్బండ్ల కోసం పుట్టిన ఆ పద్ధతే ఈనాటికీ మన ట్రాక్టర్లలో ఉంది. ముందు చక్రాల దగ్గర ఉండే స్టీరింగు చేతులు తిన్నగా కాకుండా కొంచెం వాలుగా ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ వాలు ఊరికే పెట్టినది కాదు, లెక్క ప్రకారం పెట్టినది. "ఈ చెయ్యి వంకరగా ఉంది, సరిచేద్దాం" అని ఎవరైనా కాల్చి సుత్తితో కొట్టబోతే దయచేసి ఆపండి.

మన చేతి నుంచి టైరు దాకా ఉన్న భాగాలను వరుసగా చెప్పుకుందాం. స్టీరింగు చక్రం కింద ఒక కడ్డీ ఉంటుంది. అది స్టీరింగు బాక్సులోకి దిగుతుంది. బాక్సులో కడ్డీ చివర మరచుట్టు ఉంటుంది, దానినే వర్మ్ అంటారు. ఆ మరచుట్టు తిరిగితే పక్కనున్న అడ్డ షాఫ్టు కొద్దిగా తిరుగుతుంది. కొన్ని బండ్లలో ఈ రెండింటి మధ్య పళ్ల ముక్క ఉంటుంది, కొన్నింటిలో కొయ్య వంటి పిన్ను ఉంటుంది, మరికొన్నింటిలో ఉక్కు గుండ్లతో దొర్లే నట్టు ఉంటుంది. ఏదైనా పని ఒక్కటే. మనం చక్రాన్ని ఎక్కువ తిప్పితే బయట చెయ్యి తక్కువ తిరుగుతుంది, కానీ బలంగా తిరుగుతుంది. అడ్డ షాఫ్టుకు బయట తగిలించిన ఆ చేతిని డ్రాప్ ఆర్మ్ అంటారు. దాని నుంచి డ్రాగ్ లింకు, అక్కడి నుంచి చక్రం దగ్గరి స్టీరింగు చెయ్యి, రెండు చక్రాలనూ కలుపుతూ టై రాడ్డు ఉంటాయి. ఈ కడ్డీల చివరలన్నింటికీ బాల్ జాయింట్లు, అంటే గుండు కీళ్లు ఉంటాయి. చక్రం తిరిగే నిలువు కడ్డీని స్పిండిలు అంటారు, మేస్త్రీలు కొందరు కింగ్ పిన్ను అని కూడా అంటారు. అది బుష్షులలో తిరుగుతుంది, కింద బరువు మోయడానికి ఒక థ్రస్టు బేరింగు ఉంటుంది.

మాసీ ఫెర్గూసన్ 35 తరహా పాత బండ్లలో టై రాడ్డు కనిపించదు. వాటిలో స్టీరింగు బాక్సుకు రెండు పక్కలా రెండు డ్రాప్ ఆర్ములు, రెండు డ్రాగ్ లింకులు ఉంటాయి. 1946లో ఇంగ్లండులో తయారీ మొదలైన ఫెర్గూసన్ టి.ఇ.20 నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. పైరు సాళ్లకు తగినట్టు ముందు చక్రాల ఎడం మార్చినా స్టీరింగును కదిలించనవసరం లేకుండా దానిని రూపొందించారు. మీ బండి ఏ తరహాదో ముందు చూసుకోండి. పని వరుస మాత్రం రెండింటికీ ఒకటే.

సోదరులారా, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్టీరింగు వదులైంది అనగానే మనవాళ్లు చేసే మొదటి పని బాక్సు మీద ఉన్న సర్దుబాటు స్క్రూను బిగించడం. ఇది తలనొప్పికి కాలికి పట్టు వేసినట్టు. స్టీరింగు వదులు ఒక్క చోట పుట్టే జబ్బు కాదు. ఏడెనిమిది కీళ్లలో కొంచెం కొంచెంగా అరిగిన అరుగుదల అంతా కలిసి చేతికి తెలిసేది.

ఒక చిన్న లెక్క చూద్దాం. డ్రాప్ ఆర్మ్ పొడవు 18 సెంటీమీటర్లు, బాక్సు నిష్పత్తి 16, అంటే చక్రం 16 పాళ్లు తిరిగితే డ్రాప్ ఆర్మ్ ఒక పాలు తిరుగుతుంది, స్టీరింగు చక్రం అడ్డకొలత 43 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక బాల్ జాయింటులో ఒక్క మిల్లీమీటరు వదులు ఉంటే, అది చక్రం అంచు దగ్గరకు వచ్చేసరికి దాదాపు 19 మిల్లీమీటర్లు అవుతుంది. నాలుగు కీళ్లలో అర మిల్లీమీటరు చొప్పున అరిగినా, దూరపు టైరు కదలడానికి చక్రాన్ని దాదాపు 4 సెంటీమీటర్లు ఊరికే తిప్పాలి. ఏ ఒక్క కీలును విడిగా చూసినా "బాగానే ఉందే" అనిపిస్తుంది. కలిపితేనే తెలుస్తుంది. సాధారణంగా చక్రం అంచు దగ్గర ఒక అంగుళం నుంచి రెండు అంగుళాల వరకు వదులును అనుమతించవచ్చు. మీ బండి పుస్తకంలో ఉన్న కొలత దొరికితే దానినే పాటించండి. అంతకు మించితే వెతకవలసిందే.

మన ప్రాంతంలో ఈ భాగాలు త్వరగా అరగడానికి ప్రత్యేక కారణాలున్నాయి. వరి కయ్యలలో దమ్ము చక్రాలు వేసి నడిపినప్పుడు ముందు ఇరుసు బురదలో మునుగుతుంది. బురద నీరు స్పిండిలు బుష్షులలోకి, హబ్బు బేరింగులలోకి దిగుతుంది. నీరు ఆరిపోతుంది గానీ సన్న ఇసుక అక్కడే ఉండిపోయి, గ్రీజుతో కలిసి ఆకురాయి పొడిలా పనిచేస్తుంది. రేగడి నేలల్లో ఎండాకాలపు గడ్డల మీద దున్నేటప్పుడు ముందు చక్రాలకు తగిలే దెబ్బలన్నీ బాల్ జాయింట్ల మీద పడతాయి. బాల్ జాయింటు మీద ఉండే రబ్బరు తొడుగు మన ఎండలకు పగిలిపోతుంది. చాలా బండ్లలో గ్రీజు నిపిళ్లు మట్టితో పూడుకుపోయి ఉంటాయి. మన తాతలు ఎద్దుల బండి కట్టే ముందు ఇరుసుకు కందెన వేయకుండా గడప దాటేవారు కారు. ట్రాక్టరు విషయంలో ఆ కందెన అలవాటు తప్పిపోయింది.

మరి లోపం ఎక్కడ ఉందో ఎలా కనుక్కోవాలి? ఇద్దరు మనుషులు, ఒక జాకీ, రెండు గట్టి కొయ్య దిమ్మలు, ఒక గడ్డపార ఉంటే చాలు. ముందుగా బండిని గట్టి నేల మీద నిలిపి, ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టండి. ముందు టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి. ఒక మనిషి సీటులో కూర్చుని చక్రాన్ని అటొక పిడికెడు, ఇటొక పిడికెడు మెల్లగా ఆడిస్తూ ఉండాలి. రెండో మనిషి కింద కూర్చుని పైనుంచి వరుసగా ఒక్కొక్క కీలు మీద అరచెయ్యి వేసి చూడాలి. ఒక కడ్డీ కదిలి దాని పక్క కడ్డీ ఆలస్యంగా కదిలితే, ఆ రెండింటి మధ్య కీలు అరిగిందని అర్థం. చక్రం తిరుగుతున్నా డ్రాప్ ఆర్మ్ అసలు కదలకపోతే లోపం బాక్సులో ఉంది. అడ్డ షాఫ్టు తిరుగుతున్నా డ్రాప్ ఆర్మ్ ఆగి ఉంటే గాట్లు అరిగాయి, లేదా నట్టు వదిలింది. అలాంటి బండిని బాగుచేసేదాకా రోడ్డు మీదకు తీయకండి.

తరువాత ముందు ఇరుసు మధ్యలో జాకీ పెట్టి రెండు చక్రాలూ నేలను విడిచేలా లేపండి. లేపిన వెంటనే కింద దిమ్మలు పెట్టండి. జాకీని నమ్మి బండి కింద దూరవద్దు. ఇప్పుడు ఒక చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. చక్రం మాత్రమే ఊగితే హబ్బు బేరింగు వదులు. చక్రంతో పాటు స్పిండిలు కూడా ఇరుసు గొట్టంలో ఊగితే బుష్షులు అరిగాయి. ఆ పిమ్మట ఇరుసు మధ్యలో ఉండే సెంటరు పిన్ను దగ్గర గడ్డపారతో మెల్లగా ఎత్తి చూడండి. ఇరుసు మొత్తం ముందుకూ వెనక్కూ కదులుతుంటే ఆ పిన్ను, దాని బుష్షు కూడా మార్చాలి. చాలామంది ఈ సెంటరు పిన్నును మరిచిపోతారు. అది అరిగితే మిగతావన్నీ కొత్తవి వేసినా బండి రోడ్డు మీద పాములా నడుస్తుంది.

కనుక గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే. వెతకడం పైనుంచి కిందికి, బాగుచేయడం కిందినుంచి పైకి. ముందు హబ్బు బేరింగులు, స్పిండిళ్లు, సెంటరు పిన్ను, తరువాత బాల్ జాయింట్లు, ఆ తరువాతే స్టీరింగు బాక్సు, చివరన చక్రాల వరుస.

విప్పడానికి ముందు కాస్త డీజిలుతో, ఇనుప బ్రష్షుతో మట్టి అంతా కడిగేయండి. ప్రతి కడ్డీ పొడవు కొలిచి రాసుకోండి. డ్రాప్ ఆర్మ్ ఏ గాటు మీద కూర్చుందో చిన్న ఉలితో గుర్తు పెట్టండి. ఒక గాటు తేడాగా బిగించినా చక్రాలు ఒకవైపు ఎక్కువగా, ఇంకొకవైపు తక్కువగా మలుగుతాయి. బాల్ జాయింటు ఊడదీయడానికి దాని మర మీద సుత్తితో కొట్టకండి, మర చెడిపోతుంది. నట్టు విప్పి, జాయింటు కూర్చున్న కన్నానికి ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేస్తే ఏటవాలు కాడ దానంతటదే వదులుతుంది.

స్పిండిలు బయటికి తీశాక వేలితో తడిమి చూడండి. గోరుకు గాడి తగిలితే అరిగినట్టే. అరిగిన స్పిండిలుకు కొత్త బుష్షు వేయడం వల్ల ప్రయోజనం లేదు. కొందరు వెల్డింగుతో లోహం నింపి లేతు మీద కడిపిస్తారు. ఆ వేడికి ఉక్కు గుణం మారి, గుంతలో పడినప్పుడు విరిగే ప్రమాదం ఉంది. స్పిండిలును మార్చడమే మేలు. కొత్త బుష్షు దిగగొట్టేటప్పుడు దాని కన్నం గ్రీజు నిపిలు కన్నానికి ఎదురుగా ఉండాలి. ఇది తప్పితే మీరు ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. దిగగొట్టిన తరువాత బుష్షు కొంచెం బిగుసుకుంటుంది కాబట్టి రీమరుతో సరైన కొలతకు తెచ్చుకోవాలి. ఆకురాయి కాగితంతో రుద్దితే గుండ్రం పోతుంది. హబ్బు బేరింగులను బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, చక్రం బిగుసుకోగానే ఒక గాడి వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి.

బాల్ జాయింట్లను విప్పి బాగుచేయడం కన్నా కొత్తవి వేయడం మంచిది. కొనేటప్పుడు పాతదానిని వెంట తీసుకువెళ్లండి. కాడ ఏటవాలు, మర కుడిదా ఎడమదా, పొడవు ఎంత, ఈ మూడూ పోల్చి చూడండి. ఏటవాలు కన్నాన్ని పొడిగా తుడిచి బిగించాలి, అక్కడ గ్రీజు పనికిరాదు. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను కన్నం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపండి. వెనక్కి వదిలి కలపకూడదు. స్ప్లిట్ పిన్నుకు బదులు మేకునో, తీగ ముక్కనో పెట్టడం మన పల్లెల్లో చూస్తుంటాం. కొద్ది రూపాయల పిన్ను దగ్గర పొదుపు చేస్తే పోయేది దాని ఖరీదు మాత్రమే కాదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. డ్రాప్ ఆర్మ్, స్టీరింగు చేతులు పగుళ్లు పడితే వెల్డింగు చేయించకండి. ఇవి సమ్మెట పోటుతో గట్టిపరచిన ఉక్కు ముక్కలు. వెల్డింగు పక్కన ఉక్కు పెళుసుబారుతుంది. చూడటానికి అతుకు గట్టిగానే కనిపిస్తుంది. విరిగేనాడు మాత్రం ముందుగా చెప్పి విరగదు.

కింద పని పూర్తయ్యాక బాక్సు సంగతి చూద్దాం. ముందు పాత ఆయిలు దించండి. పాల రంగులో ఉంటే నీరు చేరినట్టు. ఆరుబయట నిలిపిన బండ్లలో వాన నీరు స్టీరింగు కడ్డీ వెంట లోపలికి దిగుతుంది. పైన ఉన్న బుష్షు, సీలు మార్చాలి. బాక్సు విప్పి కడిగి మరచుట్టును వెలుతురులో చూడండి. బండి ఎక్కువ కాలం తిన్నగానే నడుస్తుంది కాబట్టి అరుగుదల మరచుట్టు మధ్య భాగంలోనే ఎక్కువ ఉంటుంది. చివరలు కొత్తవాటిలా ఉంటాయి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. మధ్యలో వదులు పోయేలా స్క్రూ బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు అరగని చివరల దగ్గర పట్టేస్తుంది. మలుపులో స్టీరింగు పట్టేయడం వదులు కన్నా ఎక్కువ ప్రమాదం. కాబట్టి సర్దుబాటు చేసిన తరువాత ముందు చక్రాలు పైకెత్తి ఉండగానే ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. చివరల్లో పట్టేస్తుంటే ఆ మరచుట్టు కాలం తీరినట్టే. స్క్రూ వెనక్కి వదిలి, మరచుట్టును, దానితో పనిచేసే జత భాగాన్ని రెండింటినీ కలిపి మార్చాలి.

సర్దుబాటుకు కూడా వరుస ఉంది. ముందు కడ్డీ కిందికీ పైకీ ఆడకుండా షిమ్ములు తీసి గానీ వేసి గానీ సరిచేయాలి. ఆ తరువాతే, చక్రాలు తిన్నగా ఉన్న స్థితిలో, అడ్డ షాఫ్టు స్క్రూను బిగించాలి. చివరగా బండి పుస్తకంలో చెప్పిన గేరు ఆయిలు, చాలా బండ్లకు 90 నంబరు, మట్టం వరకు పోయండి. గ్రీజు నింపితే చాలుననే అభిప్రాయం కొందరిలో ఉంది. గ్రీజు పక్కకు తొలగిపోయి మళ్లీ మరచుట్టు దగ్గరకు రాదు. ఆయిలు కారుతుంటే సీలు మార్చండి గానీ, ఆయిలు మానుకోకండి.

ఇక చక్రాల వరుస. ముందు చక్రాలు రెండూ ముందు వైపు కొంచెం దగ్గరగా, వెనుక వైపు కొంచెం దూరంగా ఉండాలి. దీనినే టో-ఇన్ అంటారు. ఎక్కువ బండ్లకు ఇది 3 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కొలవడం కష్టం కాదు. బండిని చదును నేల మీద తిన్నగా నిలిపి, హబ్బు ఎత్తున రిమ్ముల లోపలి అంచుల మీద ముందు వైపు సుద్దతో గుర్తు పెట్టి, మధ్య దూరం కొలవండి. బండిని నెట్టి, ఆ గుర్తులు వెనుక వైపుకు వచ్చాక మళ్లీ కొలవండి. రెండింటి తేడాయే టో-ఇన్. రెండు డ్రాగ్ లింకుల బండి అయితే రెండు వైపులా సమానంగా తిప్పి సరిచేయాలి. బిగింపు నట్లు మరిచిపోకండి. ఇరుసు మీద ఉండే అడ్డు బోల్టులను కూడా చూడండి. పూర్తిగా మలిపినప్పుడు ముందుగా ఆ అడ్డు తగలాలి. అది లేకపోతే దెబ్బ అంతా బాక్సు మీద పడుతుంది.

పని అయ్యాక బండిని మొదట ఖాళీ పొలంలో, తరువాత ట్రాలీ లేకుండా, ఆ తరువాతే బరువుతో నడిపి చూడండి. ఒక పక్కకు లాగుతుంటే గాలి తేడా గానీ, ఒక హబ్బు బిగువుగా ఉండటం గానీ, ఇరుసు వంగి ఉండటం గానీ కారణం. బరువుగా తిరుగుతుంటే గాలి తక్కువై ఉండవచ్చు, థ్రస్టు బేరింగు పొడిగా ఉండవచ్చు, లేదా బాక్సు అతిగా బిగించి ఉండవచ్చు. కొన్ని గంటల పని తరువాత అన్ని నట్లూ మరొకసారి తడిమి చూడండి.

ఇప్పుడు పాత బండ్లకు పవర్ స్టీరింగు అమర్చడం వాడుకలోకి వచ్చింది. చేతులకు శ్రమ తగ్గుతుంది, వయసు మళ్లినవారికి ఉపయోగమే. కానీ ఒక హెచ్చరిక. పవర్ స్టీరింగు అరుగుదలను పోగొట్టదు, మన చేతికి తెలియకుండా దాచిపెడుతుంది. కింద స్పిండిళ్లు, కీళ్లు బాగుచేసిన తరువాతే దాని గురించి ఆలోచించండి.

స్టీరింగు ఎంత బాగున్నా ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకోకపోతే అది పనిచేయదు. ట్రాలీలో అతిగా బరువు వేస్తే, కాలువ గట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం తేలిపోతుంది. అప్పుడు మీరు చక్రం ఎటు తిప్పినా బండి వినదు. రోడ్డు మీద వెళ్లేటప్పుడు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వేసి ఉంచండి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని పోవడం మన వైపు రోజూ కనిపించేదే. అది నిబంధనలకు విరుద్ధం. అంతకన్నా ముఖ్యం, ఆ ట్రాలీలో కూర్చున్న ఆడవాళ్లకు, పిల్లలకు ముందున్న బండి బాల్ జాయింటు అరిగిందో లేదో తెలియదు. వాళ్లు డ్రైవరును నమ్మి ఎక్కుతారు. డ్రైవరు యజమానిని నమ్మి నడుపుతాడు. యజమాని మాత్రం ఒక్కసారైనా బండి కింద కూర్చుని చూసి ఉండాలి.

బాగుచేసిన స్టీరింగు నిలవాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. బురదలో పనిచేసిన రోజున సాయంత్రం ముందు ఇరుసు కడిగి, ప్రతి నిపిలుకూ కొత్త గ్రీజు బయటికి కనిపించేదాకా గ్రీజు కొట్టండి. పాత గ్రీజుతో పాటు ఇసుక కూడా బయటికి వచ్చేస్తుంది. మెట్ట పనిలో బండి పుస్తకంలో చెప్పిన గంటల ప్రకారం చేయండి. రబ్బరు తొడుగులు పగిలితే వెంటనే మార్చండి. ప్రతి పంటకాలం మొదట్లో, నేను చెప్పిన ఇద్దరు మనుషుల పరీక్ష ఒకసారి చేయండి. అరగంట పని.

ఈ పనులు పద్ధతిగా నేర్చుకోవాలనే యువకులకు మన పక్కనే అవకాశం ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం 1983లో స్థాపించిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ రైతులకు, మెకానిక్కులకు ట్రాక్టరు వాడకంలో, మరమ్మతులో శిక్షణ ఇస్తారు. ఊరికి ఒక్క కుర్రవాడు నేర్చుకుని వచ్చినా ఆ ఊరి బండ్లన్నీ బాగుపడతాయి.

రైతు సోదరులారా! పాత ట్రాక్టరును ఉంచుకోవడంలో తప్పు లేదు. దాని ఇనుము గట్టిది, దాని పనితనం సరళమైనది, విప్పి చూస్తే అర్థమయ్యేది. కుటుంబాన్ని నిలబెట్టిన బండి మీద మమకారం ఉండటం సహజం. ఆ మమకారాన్ని రంగు వేయడంతో, దసరా నాడు పూలదండ వేయడంతో సరిపెట్టకండి. పండుగకు ముందు రోజు బండి కింద కూర్చుని ఆ కీళ్ల మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి.